ముందు టాపెట్లు, తర్వాతే సోకులు

రెండు నెలల కిందట ఈ పేజీలో నా 1977 మోటో గుట్సి గురించి నాలుగు ముక్కలు రాశాను. పాత ఇటలీ బళ్లున్న మనవాళ్లు ఇంతమంది ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు. ఒహాయో, డాలస్, మెల్‌బోర్న్, టొరినో, విజయవాడ, ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు. (చాలామంది ‘గుజ్జి’ అని రాశారు. ఇంగ్లిషు అక్షరాలు చూస్తే అలాగే చదవాలనిపిస్తుంది, ఇటలీలో మాత్రం ‘గుట్సి’ అంటారు.) అన్నీ వరసగా చదివితే ఒక సంగతి కనిపించింది. బండి కొన్నాను, హ్యాండిల్ మార్చాలి, సైలెన్సర్ మార్చాలి, సీటు కురచ చేయించాలి అని అందరూ రాశారు, ఇంజన్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో ఒక్కరూ రాయలేదు.

అందుకని నా మాట ముందే చెప్పేస్తాను. కొన్న మొదటి ఏడాది బండిని ఉన్నది ఉన్నట్టు నడపండి. దాని పనులు మీ చేత్తో చేసుకోండి. ఆ తర్వాత మార్పులు చేయాలనిపిస్తే చేయండి, కానీ రేపు వద్దనుకుంటే మళ్లీ పాతది బిగించుకునేలా చేయండి. కింద ఎవరికి ఏ జవాబు రాసినా ఇది మనసులో పెట్టుకునే రాశాను.

ప్రశ్న: అన్నా, మీ రాత చదివాక ధైర్యం చేసి 1978 మోటో గుట్సి 850-టి3 కొన్నాను. ఇంజన్ పైనుంచి కుట్టుమిషన్ లాంటి టకటక చప్పుడు వస్తోంది. ఇక్కడి మెకానిక్ గంటకి తీసుకునే డబ్బు వింటే టెన్షన్ వచ్చింది. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, జీవితంలో స్పానర్ పట్టలేదు. టాపెట్లు నేనే పెట్టుకోవచ్చా? ఇంకోటి, కాలి బ్రేక్ తొక్కితే ముందు చక్రం కూడా పట్టేస్తోంది. అది విడగొట్టేయాలని ఉంది. – ఒక పాఠకుడు, ఒహాయో

జవాబు: నిక్షేపంగా పెట్టుకోవచ్చు తమ్ముడూ. టాపెట్లు పెట్టడమంటే, ఇంజన్‌లోకి గాలి రానిచ్చి పొగ పోనిచ్చే తలుపుల్లాంటి వాల్వ్‌లకీ, వాటిని నొక్కి తెరిచే రాకర్లకీ మధ్య సన్నని గ్యాప్ సరిచేయడమే. అసలు ఈ పని నేర్చుకోవడానికి మీ బండిని మించింది లేదు. రెండు సిలిండర్లూ ఎద్దు కొమ్ముల్లా అటొకటి ఇటొకటి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, ట్యాంకు విప్పక్కర్లేదు, సీటు తీయక్కర్లేదు, స్టూలు వేసుకుని పక్కన కూర్చుంటే పని మొత్తం కళ్లెదుటే.

ముందు ఆ చప్పుడు గురించి. టాపెట్ చప్పుడు కొంచెం వినబడితే భయం లేదు. ఏ చప్పుడూ లేకుండా నున్నగా తిరుగుతుంటేనే అనుమానించాలి. గ్యాప్ మూసుకుపోతే వాల్వ్ తన సీటు మీద పూర్తిగా కూర్చోదు, కూర్చోని వాల్వ్ తన వేడిని హెడ్‌లోకి పంపలేదు, ముఖ్యంగా ఎగ్జాస్ట్ వాల్వ్ అలాగే కాలిపోతుంది. మీది కుట్టుమిషన్ చప్పుడే అయితే గ్యాప్ కాస్త ఎక్కువై ఉంటుంది, అంతే.

బండిని ముందు రోజు రాత్రే సెంటర్ స్టాండ్ వేసి వదిలేయండి, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి. పొద్దున్నే రెండు ప్లగ్గులూ తీసేయండి. రాకర్ కవర్ల కింద పాత బట్ట పరిచి అలెన్ కీతో కవర్లు విప్పండి, కొంచెం నూనె కారుతుంది. ఇప్పుడు ఐదో గేర్ వేసి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా ముందుకి తిప్పితే ఇంజన్ తిరుగుతుంది. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట కుడి వైపున ఒక రబ్బరు బిరడా ఉంటుంది, అది లాగి టార్చి వేసి చూడండి. ఫ్లైవీల్ మీద ‘డి’ అనీ ‘ఎస్’ అనీ గీతలు కనబడతాయి. డి అంటే ఇటాలియన్‌లో దెస్త్రా, కుడి. ఎస్ అంటే సినిస్త్రా, ఎడమ. కుడి సిలిండర్ టాపెట్లు పెడుతుంటే డి గీత ఆ చిల్లు అంచు గుర్తుకి ఎదురుగా రావాలి.

కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. ఇంజన్ ఒక పూర్తి పని ముగించడానికి రెండు చుట్లు తిరుగుతుంది, అందులో ఆ గీత రెండుసార్లు వస్తుంది, ఒకసారి కంప్రెషన్‌లో, ఇంకోసారి ఎగ్జాస్ట్ అయిపోయి ఇన్‌టేక్ మొదలయ్యే చోట. మనకి కావలసింది మొదటిది. రెండు రాకర్లనూ వేళ్లతో పట్టుకుని కదిపి చూడండి, రెండూ కొంచెం ఆడుతుంటే సరైన చోటే ఉన్నారు. ఒక్కటి బిగుసుకుని ఉన్నా ఇంజన్‌ని ఇంకో పూర్తి చుట్టు తిప్పి మళ్లీ చూడండి.

ఎంత గ్యాప్ అన్నది మీ మోడల్ మాన్యువల్‌లోంచే తీసుకోండి. గుట్సి పెద్ద ఇంజన్లకి సాధారణంగా 0.15 నుంచి 0.25 మి.మీ. మధ్య ఉంటుంది. ఫీలర్ గేజ్ (మందం అంకెలున్న పల్చటి రేకుల కట్ట) రేకుకి కొంచెం నూనె రాసి రాకర్‌కీ వాల్వ్ కొసకీ మధ్య పెట్టి లాగండి. పేకకట్ట గట్టిగా పట్టుకుని మధ్యలోంచి ఒక ముక్క లాగితే ఎలా ఉంటుంది? వస్తుంది, కానీ కాస్త పట్టుకుని వస్తుంది. అలా ఉండాలి. స్క్రూ సరిగ్గా పెట్టాక లాక్‌నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా దాంతోపాటు వెంట్రుకవాసి తిరుగుతుంది, కాబట్టి బిగించాక రేకు పెట్టి మళ్లీ చూడకపోతే చేసిన పనంతా దండగ. నాకు మొదటిసారి ఒక ఆదివారం పొద్దుటి పూటంతా పట్టింది. ఇప్పుడు ముప్పావు గంట.

బోల్టుల విషయంలో ఒక చిట్కా. రాజమండ్రిలో మా వీధి చివర ఒక స్కూటర్ మెకానిక్ ఉండేవాడు, వేసవి సెలవుల్లో నా మకాం అక్కడే. ఆయన ఏ కవర్ విప్పబోయినా ముందు ఒక అట్టముక్క మీద ఆ కవర్ బొమ్మ గీసి, బోల్టున్న చోటల్లా చిల్లు పెట్టి, విప్పిన బోల్టుని విప్పినట్టే ఆ చిల్లులో గుచ్చేవాడు. పొట్టి బోల్టు ఉండాల్సిన చోట పొడుగు బోల్టు పెట్టి బిగిస్తే అల్యూమినియం పగులుతుంది, అది అతకడం మామూలు పని కాదు. నేను ఇప్పటికీ న్యూజెర్సీలో, మా గరాజ్‌లో, పిజ్జా డబ్బా మూత మీద అదే బొమ్మ గీస్తాను.

మీరు అడగలేదు గానీ ఇంకొకటి. టి3 ఆయిల్ ఫిల్టర్ బయటికి కనబడదు, సంప్ (ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టి) లోపల ఉంటుంది. ఆయిల్ వదలడం తేలికే, ఫిల్టర్ మార్చాలంటే మాత్రం కింద సంప్ తట్ట మొత్తం దించాలి. అందుకే ఎన్నో చేతులు మారిన బళ్లలో ఫిల్టర్‌ని ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోరు. నా బండి కొన్న మొదటి చలికాలం నేల మీద వెల్లకిలా పడుకుని ఆ తట్ట దించాను. ఫిల్టర్‌ని రెండు వేళ్లతో ముట్టుకున్నాను, ముట్టుకున్నంత మాత్రాన తిరిగింది. అంటే అన్నాళ్లూ అది వదులుగానే వేలాడుతోంది, ఫిల్టర్ గుండా పోవాల్సిన నూనెలో కొంత పక్కనుంచి జారిపోతోంది. ఆ బండి మీద అప్పటికే పెన్సిల్వేనియా కొండలు తిరిగొచ్చాను నేను! తట్ట అడుగున వేలితో రాస్తే నల్లటి సన్నని మడ్డి, మధ్యలో పాత గాస్కెట్ ముక్కలు. ఆ రోజు నుంచి ఫిల్టర్ బిగించాక దాని చుట్టూ ఒక పెద్ద హోస్ క్లిప్ వేసి, క్లిప్ స్క్రూ ఉన్న లావుపాటి భాగం పక్క గోడకి ఆనేలా తిప్పి బిగిస్తున్నాను, ఫిల్టర్ వదులవుదామన్నా అది అడ్డుపడుతుంది. గుట్సి వాళ్లలో చాలామంది చేసే పనే ఇది. మీరు టాపెట్ల పని మొదలుపెట్టే ముందే ఆ తట్ట దించండి. గేర్‌బాక్స్‌కీ, వెనక చక్రం దగ్గరి బెవెల్ బాక్స్‌కీ నూనెలు వేరు, ఆ రెండూ కూడా అదే రోజు మార్చేయండి.

ఇక బ్రేకు. పాడైంది అనుకుంటున్నారు కదా, కాదు, ఆ బండి తయారైందే అలా. పెడల్ తొక్కితే వెనక డిస్కూ ముందు ఎడమ డిస్కూ కలిసి పడతాయి, చేతి లివర్ ముందు కుడి డిస్కుకి మాత్రమే. టి3లో ‘3’ ఆ మూడు డిస్కులకి గుర్తు. వానలో, భయంతో ఒక్కసారిగా పెడల్ మీద లేచి నిలబడ్డా బండి తిన్నగా ఆగుతుంది. విడగొట్టాలంటే మాస్టర్ సిలిండర్ దగ్గర్నుంచి కొలతలన్నీ మారాలి, లేకపోతే లివర్ రాయిలా గట్టిపడుతుంది లేదా మెత్తగా గ్రిప్పుదాకా వచ్చేస్తుంది. నన్నడిగితే ముట్టుకోవద్దు. దాని బదులు రబ్బరు బ్రేక్ హోస్‌లు మార్చండి. అంత పాత రబ్బరు లోపల ఉబ్బి దారి మూసుకుపోతుంది, తొక్కినప్పుడు బ్రేక్ పడుతుంది, వదిలాక కాలిపర్ వదలదు. స్టీలు అల్లిక ఉన్న హోస్‌లు వేసి కొత్త డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ పోసి గాలి తీస్తే, అప్పుడు చెప్పండి విడగొట్టాలని ఉందో లేదో.

ప్రశ్న: సర్, నేను టొరినోలో ఎమ్మెస్ చదువుతున్నాను. మా వీధిలో ఒక పెద్దాయన దగ్గర 1981 గుట్సి వి35 టూ కొన్నాను. కేఫ్ రేసర్ చేద్దామని ప్లాన్. వెనక ఫ్రేమ్ కోసి గుండ్రటి పైపు వెల్డింగ్, ఎయిర్ బాక్స్ తీసేసి చిన్న కోన్ ఫిల్టర్లు, పొట్టి సైలెన్సర్లు. రంపం, గ్రైండర్ ఫ్రెండ్ దగ్గర ఉన్నాయి. ముందు ఏది మొదలుపెట్టాలి? – ఒక విద్యార్థి, టొరినో

జవాబు: ముందు ఆ గ్రైండర్ ఫ్రెండ్‌కి తిరిగి ఇచ్చేయి బాబూ.

నీ వయసులో నాకూ అదే కోరిక ఉండేది, కాబట్టి కోప్పడటం లేదు. కానీ నువ్వు ఉన్నది ఇటలీలో. అక్కడ బండికి రెండేళ్లకోసారి రెవిజియోనె అనే తనిఖీ ఉంటుంది, బండి కాగితాల్లో లేని మార్పులు కనబడితే చిక్కు. దారిలో పోలీసు ఆపినా అంతే, ఆమోదం గుర్తు లేని సైలెన్సర్‌కి జరిమానా రాస్తారు. దీనికన్నా పెద్ద నష్టం ఒకటుంది. 20 ఏళ్లు దాటిన బండి అసలు రూపంలో ఉంటే చారిత్రక వాహనంగా నమోదు చేసుకోవచ్చు, ఇటలీ మోటార్‌సైకిల్ ఫెడరేషన్ రిజిస్టర్‌లో గానీ, ఏఎస్ఐ అనే పాత వాహనాల సంఘంలో గానీ. ఏఎస్ఐ ఆఫీసు మీ ఊళ్లోనే, టొరినోలోనే ఉంది. నమోదైన బళ్లకి ఇన్సూరెన్స్ బాగా తగ్గుతుంది, స్టూడెంట్‌వి కాబట్టి అది చిన్న విషయం కాదు. ఫ్రేమ్ కోసిన రోజున ఆ అవకాశం పోయినట్టే.

వి35ని చాలామంది చిన్నచూపు చూస్తారు, నాకు నచ్చదు. ఇటలీలో ఆ రోజుల్లో 350 సీసీ లోపు బళ్లకి అమ్మకం పన్ను బాగా తక్కువ, అందుకే వి50కి తమ్ముడిగా దీన్ని చేశారు. గీసింది లీనో తోంతి, పెద్ద గుట్సిలకి అంత పేరున్న ఫ్రేమ్ ఇచ్చిన ఇంజనీరు. బలం తక్కువే, కానీ ఘాట్ రోడ్డు మలుపుల్లో దాని తేలిక తెలుస్తుంది.

ఎయిర్ బాక్స్ మాత్రం అస్సలు తీయకు. కోన్ ఫిల్టర్లు పెడితే గాలి ఎక్కువై మిశ్రమం పల్చబడుతుంది, సగం యాక్సిలరేటర్ దగ్గర బండి దగ్గుతుంది, అప్పుడు కార్బురేటర్‌లో జెట్లు (పెట్రోల్ కొలిచి వదిలే సన్న చిల్లుల ముక్కలు) మార్చాలి, సూది మార్చాలి, మళ్లీ మార్చాలి. నాకు తెలిసిన ఒకాయన రెండు వేసవులు ఆ పనిలోనే గడిపి చివరికి పాత ఎయిర్ బాక్స్ వెతుక్కుంటూ తిరిగాడు, అప్పటికి అది పారేశాడు.

నీకు ఆ రూపమే కావాలంటే దారుంది. కిందికి వంగిన హ్యాండిల్ బార్ బోల్టులతో బిగుస్తుంది, బోల్టులతో ఊడుతుంది. ఒంటి సీటు కూడా ఉన్న కొక్కేలకే బిగేలా చేయించుకోవచ్చు. తీసిన ప్రతి వస్తువునీ కడిగి, ఆరబెట్టి, కాగితంలో చుట్టి, ఏ వైపుదో రాసి ఒక పెట్టెలో పెట్టు. రేపు చదువైపోయి బండి అమ్మేటప్పుడు కొనేవాడు ముందు ఆ పెట్టె గురించే అడుగుతాడు.

టైర్ల సంగతి రాయలేదు. పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల తర్వాత చివర నాలుగంకెలు చూడు. 2309 అని ఉంటే 2009లో 23వ వారం తయారైందని అర్థం. గీతలు ఎంత లోతుగా ఉన్నా అంత పాత రబ్బరు రాయితో సమానం, తడి రోడ్డు మీద నిన్ను పడేస్తుంది. హ్యాండిల్ కోసం దాచిన డబ్బు ముందు టైర్లకి పెట్టు. ఆ తర్వాత ఒక శనివారం మిలానో నుంచి లెక్కో మీదుగా పోయే రైలెక్కి మాండెల్లో దెల్ లారియో వెళ్లు. కోమో సరస్సు ఒడ్డున ఉంటుంది, గుట్సి 1921లో పుట్టింది అక్కడే, ఫ్యాక్టరీలోనే మ్యూజియం ఉంది. వెళ్లేముందు ఏ రోజుల్లో తెరుస్తారో కనుక్కో.

ప్రశ్న: నమస్తే సార్. 1996 డుకాటి మాన్‌స్టర్ 900 దొరికింది, 14 వేల కిలోమీటర్లే తిరిగింది, ఎనిమిదేళ్లుగా గరాజ్‌లో ఉంది. కొత్త బ్యాటరీ వేసి సెల్ఫ్ కొడితే తిరుగుతోంది కానీ స్టార్ట్ కావట్లేదు. బెల్టులు కంపెనీవే అట, తక్కువ తిరిగింది కాబట్టి ఫర్వాలేదన్నారు. స్టార్ట్ అయ్యాక పికప్ పెంచడానికి ఏం మార్చమంటారు? – ఒక పాఠకుడు, డాలస్

జవాబు: సార్, దయచేసి ఇంకోసారి సెల్ఫ్ కొట్టకండి. ఈ పేజీ పక్కన పెట్టి ముందు బ్యాటరీ తీగ విప్పి రండి.

డుకాటిలో వాల్వ్‌ని మూయడం స్ప్రింగ్‌కి వదిలేయరు, తెరవడానికి ఒక రాకర్, మూయడానికి ఇంకో రాకర్. డెస్మో అంటే ఇదే. ఫాబియో తల్యోని అనే ఇంజనీరు దీన్ని డుకాటి గుర్తింపుగా చేశాడు. ఆ రాకర్లని ఆడించే క్యామ్‌లని తిప్పేవి రెండు రబ్బరు పళ్ల బెల్టులు. బెల్టు తెగినా, రెండు పళ్లు జారినా, తెరుచుకుని ఉన్న వాల్వ్‌ని పిస్టన్ వచ్చి కొడుతుంది. వంగిన వాల్వ్, దెబ్బతిన్న పిస్టన్, హెడ్ పని... బండి కొన్న ధర దాటిపోతుంది. మీ కాలం ఇంజన్లకి 20 వేల కిలోమీటర్లు లేదా రెండేళ్లు, ఏది ముందైతే అప్పుడు బెల్టులు మార్చేయాలని లెక్క. కిలోమీటర్లు తిరగకపోయినా రబ్బరు పాడవుతుంది. ఎనిమిదేళ్లు పుల్లీ చుట్టూ ఒకే వంపులో ఉండిపోయిన బెల్టుని ఒక్కసారిగా లాగితే ఆ వంపు దగ్గరే పగులుతుంది.

మార్చడం ఇంట్లోనే చేసుకోవచ్చు. ప్లగ్గులు తీసి, పై గేర్‌లో వెనక చక్రం తిప్పుతూ పుల్లీల మీది చుక్కలు కవర్ల మీది గుర్తులకి ఎదురుగా తెచ్చుకోండి. ఆ గుర్తులు సన్నగా ఉంటాయి, నమ్మొద్దు, మీరు కూడా తెల్ల పెయింటుతో పుల్లీ మీదా కవర్ మీదా గట్టిగా గీత పెట్టండి, విప్పేముందే ఫోటో తీయండి. బెల్టు ఊడదీశాక పుల్లీ చటుక్కున తిరిగే అవకాశం ఉంది, చెయ్యి అడ్డం పెట్టుకోవద్దు, కంగారుపడి ఇంజన్ తిప్పొద్దు. కొత్త బెల్టుని మడిచి పెట్టకూడదు, నూనె చేతులతో ముట్టుకోకూడదు. బిగువు చూడ్డానికి రెండు వాల్వుల ఇంజన్లకి ఇళ్లలో చేసే పాత పద్ధతి ఏంటంటే, రోలర్‌కీ బెల్టుకీ మధ్య 5 మి.మీ. అలెన్ కీ దూరాలి, 6 దూరకూడదు. బిగించాక ఇంజన్‌ని చేత్తో కనీసం రెండు పూర్తి చుట్లు తిప్పి, మీ తెల్ల గీతలు మళ్లీ ఎదురెదురుగా వచ్చాయో లేదో చూడండి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా అడ్డుపడినట్టు తగిలితే అక్కడే ఆగండి, బలం వాడొద్దు.

వాల్వ్ గ్యాపులు కొలవడం మీరు చేసుకోవచ్చు. షిమ్‌లు (గ్యాప్ సరిచేసే చిన్న బిళ్లలు) మార్చే పని మాత్రం మొదటిసారి తెలిసినవాళ్ల పక్కన కూర్చుని చూడండి, ఒక్కో వాల్వ్‌కి తెరిచే గ్యాపూ మూసే గ్యాపూ రెండూ ఉంటాయి, లోపల చిన్న అర్ధ రింగులు ఉంటాయి, అవి ఇంజన్‌లోకి జారితే ఆ రోజంతా వాటికే సరి.

స్టార్ట్ కాకపోవడానికి కారణం నూటికి తొంభై పాళ్లు పెట్రోలే. అమెరికా పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, తేమ పీలుస్తుంది, ఎనిమిదేళ్లలో కార్బురేటర్ సన్న జెట్ల దగ్గర బంకలా గట్టిపడుతుంది. మాన్‌స్టర్ ట్యాంకు ముందు క్లిప్ తీస్తే కారు బానెట్‌లా పైకి లేస్తుంది, కింద అన్నీ చేతికందుతాయి. మీ ఏడాది ట్యాంకు ఇనుముది, లోపల టార్చి వేసి తుప్పు చూడండి. కార్బురేటర్లు విప్పి పైలట్ జెట్‌ని వెలుగు వైపు పెడితే అవతలి వెలుగు గుండ్రంగా కనబడాలి.

క్లచ్ నొక్కితే గిన్నెలు కలియబెట్టినట్టు చప్పుడు వస్తే కంగారొద్దు, అది నూనె లేని పొడి క్లచ్, అలాగే ఉంటుంది. స్టార్ట్ అయ్యాక 3–4 వేల ఆర్పీఎం దగ్గర బ్యాటరీ మీద 13.5 నుంచి 14.5 వోల్టులు ఉన్నాయో లేదో కొలవండి. లేకపోతే రెగ్యులేటర్ (బ్యాటరీకి వెళ్లే వోల్టేజిని అదుపులో ఉంచే డబ్బా) కనెక్టర్ చూడండి, ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి ఉంటే దొంగ దొరికినట్టే.

పికప్ కోసం సైలెన్సర్లూ పిస్టన్లూ ఏమీ వద్దు. ఇంజన్ దగ్గరి చిన్న స్ప్రాకెట్ (చైన్‌ని లాగే పళ్ల చక్రం) 15 పళ్లది తీసి 14 పళ్లది వేయండి. లాగుడు ఇంచుమించు 7 శాతం పెరుగుతుంది, హైవే మీద ఇంజన్ అంతే ఎక్కువ తిరుగుతుంది, అంతే తేడా. ఈ పాత మాన్‌స్టర్‌లో స్పీడోమీటర్ కేబుల్ ముందు చక్రం నుంచి వస్తుంది కాబట్టి వేగం తప్పు చూపించదు కూడా. వద్దనుకుంటే అరగంటలో పాతది వేసుకోవచ్చు. మిగెల్ గలూట్సి గీసిన ఆ బండి 1993లో అమ్మకానికి వచ్చింది, ట్యాంకూ ఫ్రేమూ ఇంజనూ తప్ప దాచడానికి ఏమీ లేని బండి. దానికి ఇంకేం తగిలించినా బరువే.

ప్రశ్న: నాది 2000 గుట్సి వి11 స్పోర్ట్. బటన్ నొక్కితే ఒక్కోసారి ‘టిక్’ అని ఊరుకుంటుంది, ఐదారుసార్లు నొక్కితే స్టార్ట్ అవుతుంది. రెండు బ్యాటరీలు మార్చాను. – ఒక పాఠకుడు, మెల్‌బోర్న్

జవాబు: మూడో బ్యాటరీ కొనకండి. ఆ కాలం గుట్సిల్లో ఇది చాలామందికి వచ్చిన తిప్పలే. స్టార్టర్ సోలినాయిడ్‌కి (స్టార్టర్ మోటారుని ఇంజన్‌కి కలిపే అయస్కాంతం) వెళ్లే కరెంటు బ్యాటరీ నుంచి తిన్నగా పోదు, తాళం స్విచ్ గుండా, సన్నటి తీగల గుండా ఊరంతా తిరిగి రిలేకి (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) వస్తుంది. స్విచ్ లోపల గ్రీజు గట్టిపడి కాంటాక్టులు నల్లబడితే, సోలినాయిడ్‌ని లాగేంత కరెంటు అక్కడిదాకా చేరదు. వోల్ట్‌మీటర్ బ్యాటరీకి పెట్టి బటన్ నొక్కండి, ‘టిక్’ అన్నప్పుడు కూడా వోల్టేజి పెద్దగా పడిపోకపోతే బ్యాటరీ తప్పు లేదు. బ్యాటరీ నుంచి ఒక లావుపాటి తీగ, మధ్యలో ఫ్యూజ్, తిన్నగా స్టార్టర్ రిలేకి ఇవ్వండి. తాళం స్విచ్ ఇక రిలేని లేపే పని మాత్రమే చేస్తుంది. ఫ్యూజ్ లేకుండా మాత్రం వేయొద్దు, ట్యాంకు కింద తీగ రాసుకుపోతే మంటే.

ప్రశ్న: అంకుల్, మాది మోటార్‌సైకిల్ కాదు, మా నాన్నగారి 1972 లాంబ్రెటా. అది కూడా ఇటలీదే కదా అని రాస్తున్నాను. నాన్నగారు పోయాక మూడేళ్లు పక్కన పెట్టాం, ఇప్పుడు నేను తోలుతున్నాను. ఏడెనిమిది కిలోమీటర్లు పోయాక ఆగిపోతుంది, అరగంట ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. మెకానిక్ కార్బురేటర్ మార్చి, ముందు డిస్క్ బ్రేక్ పెట్టి, 12 వోల్టుల ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ చేద్దామంటున్నాడు. – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: తప్పకుండా ఇటలీదే అమ్మా. మిలానోలో లాంబ్రాతె అనే పేట ఉంది, ఇన్నొచెంతి ఫ్యాక్టరీ అక్కడుండేది, ఆ పేట పేరే మీ స్కూటర్ పేరు. మీది బొంబాయిలో ఏపీఐ (ఆటోమొబైల్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా) కంపెనీ లైసెన్స్ మీద చేసిన బండి అయి ఉంటుంది. అదే కుటుంబంలో తర్వాత లక్నోలో విజయ్ సూపర్ వచ్చింది, మన హైదరాబాద్ ఆల్విన్ పుష్పక్ కూడా దాని చుట్టమే. పుష్పక్ మీదే నేను బండి నేర్చుకున్నాను.

మీ స్కూటర్ ఇస్తున్న గుర్తు చాలా స్పష్టంగా ఉంది, కార్బురేటర్ మార్చాల్సిన పని ఇంకా రాలేదు. చల్లగా ఉంటే నడిచి, వేడెక్కితే ఆగి, చల్లారితే మళ్లీ నడిచేదానికి ముందు రెండు చోట్ల చూడాలి. ఈసారి ఆగిన వెంటనే, రోడ్డు మీదే, పెట్రోల్ ట్యాంకు మూత తెరవండి. స్‌స్ అని గాలి పీల్చుకున్న చప్పుడొచ్చి ఒకటి రెండు నిమిషాల్లో స్టార్ట్ అయితే మూతలో గాలి చిల్లు పూడుకుపోయింది, పిన్నీసుతో పొడిస్తే పని అయిపోతుంది. అలా కాకపోతే ప్లగ్ తీసి హెడ్‌కి ఆనించి కిక్ కొట్టి చూడండి, పెట్రోల్ మూత మాత్రం అప్పుడు బిగించి ఉండాలి. వేడిగా ఉన్నప్పుడు నిప్పురవ్వ లేకపోయినా, పసుపుగా నీరసంగా ఉన్నా, అనుమానం కండెన్సర్ మీద. పాయింట్ల (నిప్పురవ్వ కోసం కరెంటు కలిపి తెంచే స్విచ్) పక్కనే ఉంటుంది, చిన్న డబ్బా, వేడికి లోపల లీకవుతుంది. అది మారుస్తున్నప్పుడే పాయింట్లు నునుపుగా ఉన్నాయో లేదో చూసి గ్యాప్ పెట్టించండి. ఫ్లైవీల్‌ని పుల్లర్‌తోనే తీయమనండి, సుత్తి ముట్టుకోనివ్వకండి, దాని మీద ఉన్న గాలి రెక్కలు విరిగితే ఇంజన్‌కి చల్లదనం ఉండదు.

పెట్రోల్ పైపు కూడా మార్చండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కి ఆ కాలం రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. ఇథనాల్‌కి తట్టుకునే పైపు అని అడిగి తీసుకోండి. పది రోజులకి మించి తోలకపోతే పెట్రోల్ కట్టేసి, కార్బురేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా ఇంజన్ నడిపి ఆపండి.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మంచి మార్పే, పాత మాగ్నెటో ప్లేటు, ఫ్లైవీల్, కాయిల్ మీ దగ్గరే ఉంచుకుంటానంటేనే ఒప్పుకోండి. డిస్క్ బ్రేక్ వద్దు. దాని కోసం ముందు భాగమే మార్చేస్తారు. ఇంకో కారణం కూడా ఉంది. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బళ్లని 2021 నుంచి వింటేజ్ కింద రిజిస్టర్ చేస్తున్నారు, నంబర్‌లో ‘వీఏ’ అని వస్తుంది. మీ బండికి వయసు సరిపోతుంది. కాకపోతే ఆ నంబర్ తీసుకుంటే రోజూ కాలేజీకో ఆఫీసుకో తోలడం కుదరదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ రిపేర్లకీ మాత్రమే. రోజూ తోలాలనుకుంటే మామూలు ఆర్సీనే రెన్యువల్ చేయించుకోండి. ఏ దారి ఎంచుకున్నా రూపం మార్చకుండా ఉంటే రెండో దారి మూసుకుపోదు.

డ్రమ్ బ్రేక్ సరిగా పడట్లేదంటే చక్రం విప్పించి షూలు చూడండి, అద్దంలా మెరుస్తుంటే గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది దుమ్ము తుడవాలి, తుడిచేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. కేబుల్ కొత్తది వేయించండి. మూత చిల్లు సంగతి తేలగానే నాకు రాయండి, కండెన్సర్ అయితే తర్వాతి సంచికలో పాయింట్ల సెట్టింగ్ మొత్తం మీ బండికే రాస్తాను.